మల్లక్క చెప్పని జవాబు

మొన్న మనుమరాలు అటక మీది పాత జంపఖానా దింపి ఎండలో దులిపింది. ముందు నూలు వాసన, దాని వెనకే గంజి వాసన, ఆ వెనక ఎర్ర రంగు తాలూకు చేదు ఒక్కసారిగా గుప్పుమన్నాయి. "కూర్చో తాతా" అంది. కూర్చోబోయే ముందు నా అరచెయ్యి దానంతట అదే అంచు పొడవునా ఒకసారి పాకి వచ్చింది. ఏం వెతుకుతున్నావని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే మల్లక్క సంగతి చెప్పవలసి వచ్చేది.

వరంగల్లులో మా వాడలో నాలుగు జంపఖానా మగ్గాలున్న ఇల్లు మల్లక్కది. భర్త పోయాక మగ్గాలు అమ్ముకొమ్మని నలుగురూ చెబితే, నేతగాళ్లను పనికి పెట్టుకుని ఆ నలుగురి నోళ్లూ మూయించిన మనిషి. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. నూలు దొరకడమే గగనం. ఇరవై రెండేళ్ల వయసులో నేను ఆమె దగ్గర చేరాను. పని వచ్చు. పనితోపాటు అనుమానం కూడా వచ్చు. సన్మానాలూ బహుమానాలూ నా గడప తొక్కలేదు గాని, ఆ వరసలోది ఈ అనుమానం ఒక్కటి మాత్రం వచ్చి ఇంట్లోనే తిష్ఠ వేసింది. పాటగాళ్లకు తాళం తప్పుతుందని భయం. నాకు తాళం పడలేదేమోనని భయం. వీధి మలుపు దాకా పోయి, తిరిగొచ్చి లాగి చూసేవాణ్ని. ఒకసారి మా ఆవిడ లోపల ఉండగానే తాళం వేసి, అది గట్టిగా పడిందని మూడుసార్లు రూఢి చేసుకుని మరీ పనికి పోయాను. ఆ సాయంత్రం నా భోజనం సంగతి ఇక్కడ అనవసరం.

నేత అయ్యాక జంపఖానా అంచుల్లో మిగిలిన పోగుల కొసలను దబ్బనంతో లోపలికి దోపాలి. మల్లక్క ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. దోపడం కాగానే దబ్బనాన్ని గుంజకు కట్టిన గుడ్డ ఉండలో గుచ్చి, మొక్కి లేవాలి. అందరూ ఒకసారి మొక్కేవారు. నేను మొక్కి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి దబ్బనాన్ని తడిమి, మళ్లీ మొక్కేవాణ్ని.

"మన సాంబడు మస్తు భక్తుడే అక్కా. గా దబ్బనానికి గుడి కట్టిస్తడు," అనేవాడు పక్క మగ్గం ఓదెలన్న. అందరూ నవ్వేవారు. వాళ్లతోపాటు నేనూ నవ్వేవాణ్ని. నవ్వుతూనే మరోసారి గుంజ వైపు చూసేవాణ్ని.

వాళ్లకు తెలియనిది నా కళ్ల ముందుకొచ్చే బొమ్మ. జంపఖానాలో మరిచిపోయిన దబ్బనం, దాని మీద బోర్లా పడుకున్న పసిబిడ్డ. అంతకు మించి రాయలేను. ఇంత పాడు ఊహ వస్తోందంటే నా మనసులో ఎక్కడో ఆ పాడు కోరిక ఉందేమోనని వణికేవాణ్ని. అందుకే రోజంతా మల్లక్కను అడిగేవాణ్ని: "అక్కా, దబ్బనం ఉండలనే ఉన్నది గదా? నువ్వు చూసినవు గదా?" ఆమె విసుక్కోకుండా "ఉన్నది తమ్మీ, ఫికర్ జెయ్యకు" అనేది. ఆ మాటతో గుండె కుదుటపడేది, ఒక జాన నేసేదాకా.

అట్లాంటి సమయంలో పక్క వీధి బియ్యం దుకాణం వాళ్లు మనుమరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు జంపఖానా నేయించుకున్నారు. నేసిందీ, కొసలు దోపిందీ నేనే. ఇచ్చి వచ్చిన మర్నాడు, అంచు సరిచేస్తానని వాళ్లింటికి పోయి అంతా తడిమాను. ఏమీ లేదు. ఆ ధైర్యం వాళ్ల వీధి దాటకుండానే ఆవిరైపోయింది. ఆ మర్నాడు మళ్లీ పోయాను. మూడోసారి పోయేసరికి ఆ ఇంటి ముసలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఒక్క జంపఖానకు ఇన్నిసార్లు అస్తవేందయ్యా? ఏం మంత్రించి పెట్టినవ్ దాంట్ల?" అని, నన్ను వెంటబెట్టుకుని మల్లక్క దగ్గరికే వచ్చింది. "రేపు పండుగ. ఈయన మల్ల మా గడప దొక్కిండో, నీ సరుకు నీ వాకిట్ల పారేసి ఊరంత చెప్త," అని వెళ్లిపోయింది.

మల్లక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తలవంచుకుని నేను అడిగింది ఏమిటో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "అక్కా, దబ్బనం ఉండలనే ఉన్నది గదా?"

"నాకు తెల్వదు," అంది.

"గట్లంటవేందక్కా! పసిబిడ్డ..."

"ఇన్నొద్దులు ఉన్నది ఉన్నదన్న. నేనన్నకొద్ది నువ్వడుగుడు ఎక్కువైంది. నా మాట నీకు కల్లు లెక్కయింది తమ్మీ. పొద్దుగాల పోస్తె మాపటికి దిగుతది, మల్ల పొయ్యుమంటవ్. ఇగ నేను పొయ్య."

"ఒక్కసారి పొయ్యి చూసస్త. ఒక్కటే సారి."

"నీ ఒక్కసారికి ఎంతమంది పిల్లలు పుట్టిన్రో నాకు తెల్వదా? రేపు పండుగ అయ్యేదాక నువ్వు పోవద్దు. పోతె ఇగ రాకు."

మర్నాడు మధ్యాహ్నం పక్క వీధిలో డప్పులు మొదలయ్యాయి. మల్లక్క నన్ను మగ్గం మీద కూర్చోబెట్టి, తాను నా పక్కనే కూర్చుంది. నా వేళ్ల చెమటకు పేక నూలు రంగు చేతులకంటింది. పేకను దగ్గరికి కొట్టే ఇనుప పళ్ల పంజా ఎత్తి దరువు వేస్తుంటే, గుండె దానికంటే ముందు ఉరుకుతోంది. ఇప్పుడు పిల్లను పడుకోబెడతారు. ఇప్పుడు. లేచి నిలబడ్డాను.

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. "పోనీకి నీకు కాళ్లున్నయ్. కూసోనీకి గూడ ఉన్నయా సూద్దాం," అంది, పోగు మీది నుంచి చూపు తిప్పకుండా.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కూర్చున్నాను.

"వచ్చిందా?"

"వచ్చిందక్కా. గదే బొమ్మ."

"రానియ్. ఎల్లగొట్టకు, చాయ్ పొయ్యకు. పేక ఎయ్."

వేశాను. అది పోలేదు. మళ్లీ వేశాను. డప్పులు పెరిగాయి, నాలో భయమూ పెరిగింది, ఇక పగిలిపోతానేమో అనుకున్నాను. పగలలేదు. డప్పులు ఎప్పుడో ఆగాయి. నా గుండె పంజా వెనక నడుస్తోందని ఆ తర్వాత గమనించాను. ఎవరూ జవాబు చెప్పకుండానే ఆ ప్రశ్న అలసిపోయింది. ఆ రోజు నేసిన జానెడూ వంకర పోయింది. విప్పి నేస్తానన్నాను. "ఉండనియ్" అంది.

ఆ ఒక్క పూటతో నయమైందని రాస్తే అది నేత కాదు, కోత అవుతుంది. మరుసటి వారమే పొయ్యి ఆరిందా లేదా అన్నది పట్టుకుంది. ఆమె మళ్లీ "నాకు తెల్వదు" అంది. అట్లా ఏళ్లు పట్టింది. ఈ జబ్బుకు ఇప్పుడు పేరుందట, వైద్యముందట. మాకు అప్పుడు మల్లక్క ఉండేది.

చాలా ఏళ్లకు మల్లక్క జబ్బుపడి నెల రోజులు మంచంలో ఉంది. ఒక పొద్దున ఆమె కూతురు ఉరికొచ్చింది. "సాంబన్నా, జర నువ్వు చూడే. నాకు చేతులాడుతలేవు." మంచం చుట్టూ నలుగురున్నారు; అందరూ నా వైపే చూస్తున్నారు. వంగి మల్లక్క ముక్కు కింద వేళ్లు పెట్టి, ఊపిరి కోసం చాలాసేపు ఆగాను. లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నానో లేదో, నాలోని పాత అనుమానం లేచింది: సరిగ్గా పెట్టావా? తప్పు చెబితే? ఇంకొక్కసారి.

"పోయింది బిడ్డా," అన్నాను.

ఆ 'ఇంకొక్కసారి' ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వాడలేదు.