అత్తయ్యకు అర్థం కాలేదు

మా మేనత్తకు ఏదీ ఒక పట్టాన అర్థం కాదు. కాలేదన్న సంగతి దాచుకోదు కూడా. ఎక్కడున్నా, ఎంతమందిలో ఉన్నా చెయ్యెత్తి, "నాకర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి" అంటుంది. యాభై ఏడేళ్ళుగా లోకం ఆవిడకు మళ్ళీ చెబుతూనే ఉంది.

ఆవిడకో చిన్న డ్రైవింగ్ స్కూలుంది. ఆవిడ పని కారు నడపడం నేర్పడం. మొదటిరోజు వచ్చినవాళ్ళను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "బ్రేకు ఏదో మర్చిపోయాను, కాస్త చూపించు నాయనా" అంటుంది. కొందరు అక్కడే దిగి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు జాలిపడి, ఆవిడకు నేర్పుతూ తాము నేర్చుకున్నారు.

ఓసారి మామయ్యకు బీపీ చూపించడానికి వెళ్ళాం. డాక్టరు మందుల సంగతి చెబుతుంటే మామయ్య అన్నిటికీ తలూపాడు. తెలియదు అనే మాట ఆయన నోట పుట్టాక రాలేదు. అత్తయ్యకు మాత్రం అర్థం కాలేదు. డాక్టరు రెండోసారి చెప్పాడు. మూడోసారి కళ్ళజోడు తీసి, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"పరువు తీశావు," అన్నాడు మామయ్య బయటికొచ్చి. "అయినా మూడోసారి బాగా చెప్పాడులే."

అలాంటి మనిషి బిజినెస్ స్కూలుకు అప్లై చేస్తానంది. ఉద్యోగస్తులకు సాయంత్రం నడిపే కోర్సు. మా ఎదురుగా అద్దాల డ్రైవింగ్ స్కూలు వెలిసి, కుర్రకారంతా అటే పోతోంది. మా దగ్గర నేర్పే నలుగురూ ఆవిడనే నమ్ముకుని ఉన్నారు. ఎలా నిలబడాలో నేర్చుకొస్తానంటుంది. వచ్చే ఏడాది నుంచి వయసు పరిమితి పెడతారట. ఇప్పుడు సీటు రాకపోతే ఇక రాదు.

"ఈ వయసులో నీకెవరిస్తారే సీటు?" అన్నాడు మామయ్య.

"నాకర్థం కాలేదు, మళ్ళీ అనండి," అంది అత్తయ్య.

ఆయన పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటర్వ్యూ కోసం ఆవిడ చదివిందంతా కారులో నాకు చెప్పేది, మా స్కూలు లెక్కలు చూసేది నేనే కనుక. "బండి కదలకపోయినా అద్దె ఆగదురా. కదిలితేనే పెట్రోలు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో చూసుకుని రేటు పెట్టాలి." కాలేజీలో నా బుర్రకెక్కనిది సిగ్నల్ దగ్గర ఎక్కింది.

ఇంటర్వ్యూ రోజు ఆరుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి చర్చించమన్నారు. గది గోడ అద్దం, తలుపు ఓరగా తీసుంది, బయట బెంచీ మీద నేను. సగం ఖాళీగా తిరిగే బస్సు కంపెనీ టికెట్టు ధర పెంచాలా, తగ్గించాలా? ఇదీ విషయం. నాకు ప్రాణం లేచొచ్చింది. ముందురోజు కారులో ఆవిడ నాకు చెప్పిన పాఠమే.

టై కట్టుకున్న కుర్రాడు గడగడా అందుకున్నాడు. అతని మాటల్లో నాకు తెలిసింది 'బస్సు' ఒక్కటే. అత్తయ్య చెయ్యెత్తింది.

"నాకర్థం కాలేదు బాబూ, మళ్ళీ చెప్పు."

నేను తల పట్టుకున్నాను. అతను మళ్ళీ చెప్పాడు.

"ఊహూఁ," అంటూ ఆవిడ పక్కకు తిరిగింది. అక్కడో అమ్మాయి ఇందాకటి నుంచీ నోరు విప్పకుండా, నీళ్ళ గ్లాసును రెండు చేతులా బిగించి పట్టుకుని కూర్చుంది. "నువ్వు చెప్పమ్మా. నెమ్మదిగా చెప్పు, నాకు తొందరగా ఎక్కదు."

ఆ పిల్ల మొదటి మాట వణికింది.

"ఆఁ, ఇప్పుడు కొంచెం తెలుస్తోంది," అంది అత్తయ్య.

రెండో మాట వణకలేదు. టైము అయ్యేదాకా ఆ పిల్లే చెప్పింది. టై కుర్రాడు రాసుకున్నాడు.

కారెక్కాక నాకు ఒళ్ళు మండింది. "నాకు చెప్పిందే అక్కడ చెప్తే ఏం పోయేది అత్తా? చేతికొచ్చిన సీటు నీళ్ళపాలు చేశావు."

"ఆ పిల్ల చేతులు చూశావా? మొదటిసారి స్టీరింగు పట్టుకున్నవాళ్ళ చేతులు అలాగే ఉంటాయి. ముందు బెల్టు పెట్టుకో."

బెల్టు పెట్టుకున్నాను. డాక్టరు మూడోసారి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. మామయ్య ఇప్పటికీ ఆ మందులు వేళ తప్పకుండా వేసుకుంటాడు. నా కోపం ఇల్లు చేరేలోపే దిగిపోయింది.

కొన్నాళ్ళకు కాలేజీ నుంచి ఫోనొచ్చింది. అత్తయ్య స్పీకరు పెట్టింది. పక్కవాళ్ళ చేత మాట్లాడించినందుకు కూడా మార్కులుంటాయట.

"మీకు సీటు వచ్చిందండీ."

"నాకర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పారు. పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న మామయ్య పేపరు దించాడు.

"ఇంకొక్కసారి."

మూడోసారీ చెప్పారు. రెండోసారి మామయ్య కోసమని నాకు తెలుసు. మూడోసారి మాత్రం ఆవిడ తన కోసమే అడిగింది. అలా అడగ్గా నేను చూడడం అదే మొదలు.