పెడలు మీద ఒక నిమిషం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా అనంతపురం పడమటి మండలాలకు బదిలీ అయ్యాను. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ప్రమాదం జరిగిన బండిని పరీక్షించి, లోపం యంత్రానిదా మనిషిదా అని పోలీసులకు నివేదిక ఇవ్వడం మా పనుల్లో ఒకటి. నా కాలి కింద ఏ బ్రేకూ అబద్ధమాడదని గొప్పలు చెప్పుకొనేవాణ్ణి.

జూన్‌లో బెళుగుప్ప దగ్గర విత్తనపు శెనక్కాయల కోసం జనం రోడ్డు మీదే వరుసగా కూర్చున్నారు. కంబదూరు టాక్సీ డ్రైవరు ఖాదర్ బాషా, వాళ్లు దారిచ్చేదాకా వాలులో కారు ఆపి బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉన్నాడు. కారు మెల్లగా ముందుకు జారింది. ఎదురుగా కూర్చున్న సంజమ్మ అనే ముసలావిడ చక్రం కింద పడి చనిపోయింది.

"కాలు తీయలేదు సార్. తొక్కి పట్టుకోనే ఉంటి. పెడలు దానంతటదే కిందికి పాయ. మళ్లా తొక్కితే నిలబడె," అన్నాడు నాతో.

బ్రేక్ ఆయిల్ గీత వరకు నిండుగా ఉంది. నాలుగు చక్రాల దగ్గరా తడి లేదు. మూడుసార్లు గట్టిగా తొక్కాను, పెడలు రాయిలా నిలిచింది. కొంతదూరం నడిపి తొక్కితే బండి ఉన్నచోటే ఆగింది. రెండోసారి పట్టిన బ్రేకు మొదటిసారి ఎందుకు పట్టలేదని అడిగాను. యాంత్రిక లోపం లేదని రాశాను. అతని లైసెన్సూ బతుకూ ఆ ఒక్క వాక్యం మీదే ఉన్నాయని నాకు తెలుసు. కొన్ని నెలలకు అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడని, లైసెన్సు రద్దయిందని విన్నాను. నా నివేదిక నిజమైందని తృప్తి పడ్డాను కూడా.

ఏడాది తిరక్కుండా అదే కారును యజమాని ఫిట్‌నెస్ పరీక్షకు తెచ్చాడు. సీట్లో కూర్చుని, పెడలు మీద ఊరికే కాలు ఆనించి అతనితో మాట్లాడుతున్నాను. మాట పూర్తికాకముందే పెడలు మెత్తగా దిగి నేలకు తగిలింది. గట్టిగా తొక్కితే మళ్లీ రాయి. మెల్లగా పట్టుకుంటే మళ్లీ నేల.

మాస్టర్ సిలిండర్ విప్పించాను. పెడలు తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది అదే. అందులోని రబ్బరు కప్పులు అరిగిపోయాయి. ఒక్కసారిగా తొక్కితే కప్పు అంచులు విచ్చుకుని ఆయిల్‌ను ఆపుతాయి. మెల్లగా పట్టి ఉంచితే ఆయిల్ లోలోపలే వెనక్కి జారుతుంది, బయట చుక్క పడదు. ఖాదర్ బాషా చెప్పింది అక్షరాలా ఇదే. సిగ్గుతో చచ్చినంత పనయింది.

తప్పు ఒప్పుకుంటూ రెండో నివేదిక పంపి, కంబదూరు వెళ్లాను. అతను ఒక టైలరు దగ్గర కాజాలు కుడుతున్నాడు. అంతా విని తన కుడికాలి వైపు చూశాడు.

"మీరు రాసినాక నాకే అనుమానమొచ్చె సార్. ఇన్‌స్పెక్టరు తప్పు రాస్తాడా అనుకుంటి. సంజమ్మ కొడుకు కాళ్లు పట్టుకోని, నేనే కాలు తీసినానప్పా అని చెప్తి. ఇప్పుడు తీయలేదంటాండారు. నాకు మాత్రం తీసినట్టే గుర్తుండాది."

రద్దయిన లైసెన్సు కోసం అతను మళ్లీ దరఖాస్తు చేయలేదు.

పెడలు గట్టిగా ఉందా అని చూస్తే చాలదు, ఎంతసేపు ఉంటుందో చూడాలి. డ్రైవరు ఎలా తొక్కానంటే అలాగే తొక్కి చూడాలి. మిగిలిన సర్వీసులో ప్రతి బండి పెడలునూ నిమిషంపాటు మెల్లగా పట్టి ఉంచాను. ఖాదర్ బాషాకు ఆ నిమిషం ఇవ్వలేదు.