పేరు రాయని ప్రార్థన చీటీ

అబిగేల్ మొదటి గెలుపు చర్చి ముందు రోడ్డు దాటేవాళ్ల కోసం పెట్టిన, ఆగకుండా మిణికే దీపం. పదహారేళ్ల పిల్ల దానికోసం ఏడు నెలలు తిరిగింది. ఊరి కౌన్సిల్ మైకు ముందు నాలుగుసార్లు నిలబడింది, ఇచ్చిన మూడు నిమిషాల్లో ఒక్క క్షణమూ మించలేదు. ఏడుగురిలో నలుగురు సరేనన్నారు. అంతకు ముందే తెలుగు బైబిలు తడబడకుండా చదివి బహుమతి తెచ్చుకుంది, బడి వాదనల పోటీలో రెండో స్థానం కొట్టింది.

వాళ్ల నాన్న ఏసుపాదం నోవై ఊళ్లో కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరు, తెలుగు చర్చి సంఘంలో పెద్ద. కూతురి సంగతి మొదలుపెడితే ఎదుటివాళ్ల కాఫీ చల్లారిపోవలసిందే. కానీ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో శాసనసభ పని దగ్గరుండి చూసే రెండు వారాల శిబిరానికి పిలుపు రాగానే ఆయన మనసులో పురుగు తొలిచింది. శుక్రవారం లోపు తండ్రి సంతకం కావాలి. ఆయన పెన్ను తియ్యలేదు.

పిల్ల వెనక ఎవరో ఉన్నారని ఆయన అనుమానం. తన చిన్నప్పుడు సొంతూళ్లో పార్టీలవాళ్లు కుర్రాళ్లను అలాగే ముందు పొగిడి, తర్వాత జెండాలిచ్చి లారీలెక్కించేవారు. పిల్ల బల్లమీద చూస్తే రెండు పార్టీల కరపత్రాలూ ఉన్నాయి. పైగా ప్రతి గురువారం లైబ్రరీలో ఎవరో కార్ల్‌ని కలుస్తోంది.

"ఎవరే ఆ కార్ల్?"

"కౌన్సిల్ మెంబర్ డాడీ. నా దీపానికి నో ఓటు వేశారు."

"వద్దన్నవాడితో నీకేం పని?"

"ఎందుకు వద్దన్నారో అడుగుతున్నా."

ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీల డబ్బాలో పేరు రాయకుండా ఒక చీటీ వేశాడు: 'రాజకీయాల వారి చేతిలో చిక్కిన ఒక బిడ్డ విడుదల కొరకు.' ఆ నెల చీటీలు చదివే వంతు యువజనులదని మరిచిపోయాడు.

మైకు దగ్గర అబిగేల్ ఆ చీటీ విప్పింది. తనకు అక్షరాలు దిద్దించిన నాన్న చేతిరాతే. తలెత్తి ఎటూ చూడలేదు. చీటీ చదివి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఆ బిడ్డకి మంచి బుద్ధి ఇవ్వండి. ఈ చీటీ రాసినవాళ్లు ఆ బిడ్డతో వచ్చి చూసేలా చెయ్యండి."

సంఘమంతా ఆమెన్ అంది. పక్కనున్న భార్య దేవకుమారి ఆయన తొడ గిల్లింది.

"వినబడిందాండీ, పెద్దగారూ?"

గురువారం ఏసుపాదం లైబ్రరీకి వెళ్లాడు. బల్ల మీద రోడ్డు పటం పరిచి ఉంది. పిల్లకి ఎదురుగా ఎనభై ఏళ్ల ముసలాయన, ఆ కార్లే. దీపం ఎదురింట్లో రాత్రి డ్యూటీ చేసే నర్సు ఉంటుందట. పగలు పడుకుంటే కిటికీలో ఒకటే మిణుకు మిణుకు. రోడ్డు దాటేవాళ్లు మీట నొక్కితేనే వెలిగేలా మార్చమని ముసలాయనా పిల్లా కలిసి అర్జీ రాస్తున్నారు.

"గెలిచిందాన్ని నువ్వే మారుస్తున్నావా?"

"ఆవిడ గురించి నేను లెక్క వెయ్యలేదు డాడీ. తప్పు నాదే."

ఏసుపాదం గొంతు సవరించుకుని ముసలాయన వైపు తిరిగాడు. తెలుగు బైబిలు బహుమతి దగ్గర మొదలుపెట్టి వరసగా అన్నీ చెప్పాడు. ఆ బల్ల మీదే శిబిరం కాగితానికి సంతకం పెట్టాడు. అయినా వ్యాను నడిపేదెవరో, వార్డెన్ ఫోన్ నంబరెంతో అడిగి రాసుకోకుండా కాగితం ఇవ్వలేదు.

జూన్ పదిహేను, ఆదివారం ఆరాధన కాగానే పిల్ల బయల్దేరింది. ఆయన ఇంటికొచ్చి, ఫ్రిజ్ మీది చర్చి క్యాలెండరులో ఒక గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు. జూన్ ఇరవై ఏడు, శుక్రవారం, పిల్ల తిరిగొచ్చే రోజు.