సుబ్బరావమ్మ పేరు మీద కలుపు

దర్శికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో సుబ్బరావమ్మ అంటే అందరికీ కాస్త భయం. చెడ్డ మనిషి కాదు పాపం, నోరు పెద్దది. అరవై ఆరేళ్లొచ్చాయి, మొగుడు పోయి ఎనిమిదేళ్లయింది, అయినా ఎకరన్నర మిరప ఒంటిచేత్తో పండిస్తోంది. ఆవిడ చేలో గడ్డిపోచ కనపడదు. ఇది ఆవిడ చెబితేగాని తెలియని సంగతి కాదు, కానీ ఆవిడ చెప్పకుండా ఉండదు. పక్క చేల గట్ల మీద నడుస్తూ, "ఏమయ్యా, ఇది మిరప తోటా, గొడ్ల మేతా?" అని ఆ రైతుకు వినపడేటట్టు అడిగిపోవడం ఆవిడకు పొద్దున పూట కాఫీ లాంటిది.

ఆవిడకు చేతకానిదల్లా కాగితం. పట్టాదారు పాస్‌పుస్తకాన్ని బియ్యం డబ్బా అడుగున దాచింది. ఎవరికీ చూపించదు, తనూ చూడదు. అట్లాంటి మనిషికి గ్రామ సచివాలయం మెట్లెక్కే గ్రహచారం పట్టింది. బోరుకు కొత్త కరెంటు కనెక్షన్ కావాలంటే, ఏ భూమి ఎవరి పేరున ఉందో చెప్పే వన్‌బీ కాగితం తెమ్మన్నారు.

మొదటిరోజు వెళితే సర్వర్ లేదు. రెండోరోజు సర్వర్ ఉంది, కంప్యూటర్ దగ్గర కూర్చునే శ్రీరమ్య లేదు. మూడోరోజు ఇద్దరూ ఉన్నారు, సుబ్బరావమ్మ వేలిముద్ర లేదు. నలభై ఏళ్లు మిరపకాయలకు తొడిమలు తీసిన వేళ్లాయె, మిషన్ మీద ఏ వేలు పెట్టినా ఎర్రలైటే వెలిగింది.

"ఊరు ఊరంతా నన్ను గుర్తుపడుతుంటే ఈ అగ్గిపెట్టెకేం రోగమమ్మా?"

"దానికి మీరు తెలీదు కదా అమ్మమ్మా," అంది శ్రీరమ్య నవ్వాపుకుంటూ. చివరికి వెంట వచ్చిన మేనల్లుడు అంకమ్మరావు ఫోనుకు ఓటీపీ తెప్పించి పని కానిచ్చింది. ఆ పిల్ల తెర మీదకు వంగి చూసి, "మీది రోడ్డు పక్క పొలమా అమ్మమ్మా? అదృష్టవంతులు!" అంది.

సుబ్బరావమ్మ కాగితం అందుకుని గబగబా మెట్లు దిగింది. ఆవిడ సాగు చేసేది రోడ్డు పక్క చేను కాదు. దాన్ని దున్నుకునేది అదే ఊరి జాన్ బాషా.

సంగతేమిటంటే, నలభై ఏళ్ల కిందట ఆవిడ మామగారూ, జాన్ బాషా తండ్రీ చేలు మార్చుకున్నారు. వీళ్ల బావి పక్కన వాళ్ల చేను, వాళ్ల బావి పక్కన వీళ్ల చేను. ఎవరి నీళ్లు వాళ్లు పక్కనే పారించుకుందామని ఒకరి కండువాలో ఒకరు గుప్పెడు మట్టి పోసి, "ఇది నీది, అది నాది" అనుకున్నారు. అంతే రిజిస్ట్రేషన్! మాటుండగా స్టాంపు కాగితం ఎందుకు దండగ అనుకున్న కాలం అది. చేలు మారాయి, కాగితాలు మారలేదు. పెద్దవాళ్లు పోయారు. పాత రికార్డు ప్రకారమే వారసులకు పాస్‌పుస్తకాలొచ్చాయి. ఇప్పుడు ఊరిపక్కనే నాలుగు వరసల రోడ్డు పడుతోంది. జాన్ బాషా చెమటోడ్చే ఆ రోడ్డు పక్క చేను, రికార్డులో అక్షరాలా సుబ్బరావమ్మది. ఆవిడ ముద్దుగా పెంచుకునే చేను జాన్ బాషాది.

"నువ్వు నోరు మెదపమాక అత్తా," అన్నాడు అంకమ్మరావు దారిలోనే. "రీసర్వే జరుగుతోంది. గురువారం గ్రామసభలో ఏ చేను ఎవరిదో చదువుతారు. ఎవరూ కాదనకపోతే అదే ఖాయం. నీ చేను పోతే పోనీ, రోడ్డు పక్కది అమ్మితే అట్టాంటివి అయిదు కొనొచ్చు."

"బాషా ఊరుకుంటాడా?"

"ఊళ్లో ఉంటే గదా! వాళ్లావిడ నసీమున్నీసాకు గుండె ఆపరేషనంట. నెలరోజులుగా గుంటూరు ఆస్పత్రిలోనే ఉన్నారు."

ఆశ పుట్టలేదంటే అబద్ధం. గురువారం వచ్చేదాకా సుబ్బరావమ్మకు అన్నం సయించలేదు. తప్పని తెలుసు. అందుకే బాషా మీద కోపాన్ని వెతికి వెతికి పైకి తీసింది. ఆరేళ్ల కిందట అతని మేకలు ఆవిడ మిరప నారంతా మేసి పోయాయి. అప్పటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు. "నా నారు తిన్న మేకలాయన కదా, అనుభవించనీ," అని రోజుకు పదిసార్లు తనకు తానే చెప్పుకుంది. పదిసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే అది ఎంత గట్టి కారణమో చూడండి.

గురువారం సచివాలయం వరండా నిండిపోయింది. టీవీ పెట్టి, ఒక్కొక్క చేను ఫొటో చూపిస్తూ వివరాలు చదువుతున్నాడు సర్వేయర్ త్రినాథ్. చీరాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, ఊళ్లో ఎవరు ఏది దున్నుతారో తెలియదు. సుబ్బరావమ్మ మేనల్లుడి పక్కన కుక్కిన పేనులా కూర్చుంది.

"రోడ్డు పక్క, ఎకరన్నర, మిరప. పట్టాదారు సుబ్బరావమ్మ. అభ్యంతరాలుంటే చెప్పండి."

వరండా అంతా ఒక్కసారి ఆవిడ వంక తిరిగింది. ఆ చేను బాషాదని తెలియనివాడు అక్కడ లేడు. ఆవిడ నోటికి జడిసి పెదవి విప్పినవాడూ లేడు. ఇంకొక్క నిమిషం గడిస్తే అయిపోయేది. కానీ టీవీలో ఫొటో ఉంది. నెల రోజులుగా మనిషి చెయ్యి పడని చేను. తుంగ, గరిక, వయ్యారిభామ మోకాలెత్తున లేచాయి. వాటి మధ్య ముడతపడ్డ మిరప మొక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వెనక వరసలో కూర్చున్న పక్క చేను జక్రయ్య, ఎన్నేళ్ల కడుపుమంటో పాపం, గట్టిగా అన్నాడు:

"ఏం సుబ్బరావమ్మా, ఇది మిరప తోటా, గొడ్ల మేతా?"

జనం గొల్లుమన్నారు. సుబ్బరావమ్మ చివాలున లేచింది. అంకమ్మరావు చీర కొంగు పట్టుకున్నా ఆగలేదు.

"నోరు ముయ్యవయ్యా! అది నా చేనా? ఛీ ఛీ! నా చేలో అట్టాంటి గడ్డి ఎప్పుడైనా చూశావా? అది జాన్ బాషాది! నలభై ఏళ్లుగా వాళ్లదే! మా మామా, వాళ్ల నాయనా మార్చుకున్నారు. నాది అదిగో, బావి పక్కది, అది పెట్టు టీవీలో! రాసుకోవయ్యా అబ్బాయ్, రాసుకో!"

అంకమ్మరావు తల పట్టుకున్నాడు. త్రినాథ్ బిక్కమొహం వేసి, ఆవిడ చెప్పిందంతా రాసుకుని, చేలు మార్చుకున్నట్టు ఆవిడా, బాషా కలిసి వచ్చి సంతకాలు పెట్టాలనీ, రికార్డు సరిచేయడానికి రెండు నెలలైనా పడుతుందనీ చెప్పాడు.

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా మీ పేరు మీదే ఉంటుందండీ."

సుబ్బరావమ్మ కొంగు నడుముకు బిగించి విసవిసా వెళ్లిపోయింది. అది చూసి ఊరు మరింత భయపడింది.

మర్నాడు జాన్ బాషా గుంటూరు నుంచి బస్సు దిగీ దిగకముందే చేనువైపు పరుగెత్తాడు. రికార్డులో తన చేను సుబ్బరావమ్మ పేరున ఉందని ఎవరో ఫోన్‌లో చెప్పారు. మిగతా సగం వినే ఓపిక లేక బస్సెక్కేశాడు. గట్టు మీదకొచ్చేసరికి చేలో నలుగురు కూలీ ఆడవాళ్లూ, వాళ్ల ముందు వంగి సుబ్బరావమ్మా కనిపించారు.

"వదినా," అన్నాడు. ఆరేళ్ల తర్వాత మొదటి మాట. "చేను నువ్వే తీసుకుంటున్నావా?"

సుబ్బరావమ్మ నడుం ఎత్తి చూసింది. నెల రోజుల గడ్డం, నలిగిన చొక్కా, చేతిలో ఆస్పత్రి కాగితాల సంచీ. ఆవిడకు ఏడుపొచ్చింది. తిట్టు రూపంలో బయటికొచ్చింది.

"తీసుకునేదాన్నయితే ఇట్టా నడుం పడేట్టు కలుపు తీస్తానా, నీడన కూర్చుని అమ్ముకోనా? ఇంకో రెండు నెలలు ఇది నా పేరు మీద ఉంటుందంట. నా పేరు మీద ఇంత గడ్డి పెంచుతావా? నలుగురిలో తల ఎత్తుకోనిచ్చావా నువ్వు?"

జాన్ బాషాకు మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గట్టు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కూలీ ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"మీరు కానివ్వండి, సినిమా కాదు," అని వాళ్లను కసిరి, మళ్లీ వంగింది. ఒక తుంగ దుబ్బు పెకలించి గట్టు మీదకు విసిరింది. తల ఎత్తకుండానే అడిగింది.

"నసీమాకు ఎట్టా ఉంది?"

"లేచి కూర్చుంటోంది వదినా. నిన్న గంజి తాగింది."

"ఊఁ. మంచిది." ఇంకో దుబ్బు పెకలించింది. "అయితే లే. ఆ చివర సాలు నీది, పట్టు."