మూడు గంటల తొవ్వ

మొన్న నా మనవరాలు ఉద్యోగానికి దుబాయ్ పోతూ, విమానం ఎక్కేముందు ఫోను నా ముఖం ముందు పెట్టి ఎంత దూరమో, ఎన్ని గంటల్లో దిగుతుందో చూపించింది. ఇంతే దూరం అమ్మమ్మా అని ముద్దుగా అన్నది. దూరం సంగతి నాకు చెప్పకు, అక్కడ పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పు అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది.

డెబ్బయ్యో దశకంలో బోధన్ చుట్టుపక్కల చెరకు వేసిన నా ఈడు వాళ్లకు యాదికుంటుంది, చక్కెర ఫ్యాక్టరీ మా ఊరికి దగ్గరే అయినా, కాంటా ముందు బండ్ల వరసలో నిలబడి తూకం వేయించుకుని బాపు ఇల్లు చేరేసరికి ఒక్కోసారి మరునాడు పొద్దెక్కేది. దుబాయ్ పనులకు మనుషుల్ని పంపిస్తానని నిజామాబాద్ నుంచి వచ్చిన ఏజెంటు ఈ సంగతి బాగా ఎరిగినవాడు. మా మంచం మీదే కూర్చుని, మా చాయే తాగుతూ, "బొంబాయిల ఎక్కితే మూడు గంటలు పెద్దయ్యా, నీ బండి కాంటా ఎక్కకముందే నీ కొడుకు దుబాయ్‌ల దిగుతడు, గట్లనే వస్తడు" అన్నాడు. బాపు నమ్మి మా అన్నను పంపాడు.

మరుసటి ఏడు చెరకు నరుకుతున్న రోజుల్లో మా కన్నతల్లి, మేము అవ్వ అని పిలిచేవాళ్లం, జ్వరంతో పోయింది. మాది మెథడిస్టు కుటుంబం, పెట్టె గుంతలోకి దించాక మొదటి పిడికెడు మట్టి పెద్దకొడుకు వేయడం మా ఇంటి ఆనవాయితీ. అన్నకు టెలిగ్రాం కొట్టించి, బాపు పెట్టె మూత వేయనివ్వలేదు. పాస్టరు గారు బతిమాలితే, "మూడు గంటల తొవ్వనే గదా అయ్యా, ఆడ గూడ వరసల నిలబడ్డడేమో, ఆగుండ్రి" అన్నాడు. మరునాడూ ఆగాము. ఎండ ముదిరేసరికి చుట్టాలు ముక్కులు మూసుకుని దూరం జరిగారు, మేము అక్కచెల్లెళ్లం వేపమండలతో అవ్వ మీద ఈగలు తోలుతూ కూర్చున్నాము. పిల్లల కడుపు నింపాకే తాను తినే మనిషికి ఆ గతి పట్టించిన ఏజెంటును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చివరికి బాపు మొదటి పిడికెడు మట్టి కండువాలో మూటగట్టుకుని, మిగతాది మమ్మల్ని వేయమన్నాడు.

అన్న వచ్చింది ఆ చెరకు కాలమంతా గడిచిపోయాక. కాళ్లావేళ్లా పడ్డా, అక్కడ పనిచ్చిన సేటు తన దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు ఇవ్వలేదట. మూటలోని మట్టి గడ్డకట్టింది, అన్న దాన్ని వేళ్లతో నలుపుతూ సమాధి మీద వేస్తుంటే బాపు అటు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత బజారులో ఏజెంటు కనబడితే నిలదీశాను. "మూడు గంటలే గద బిడ్డా, నేనేమన్న అబద్ధం చెప్పిన్నా" అన్నాడు. చెప్పలేదు నిజమే, ఆ నిజంతోనే మమ్మల్ని ముంచాడు.

ఈమధ్య మా పక్కింటాయన పోతే, దుబాయ్‌లో ఉన్న కొడుక్కి సెలవు దొరికేదాకా ఉంచాలని ఐసుపెట్టె అద్దెకు తెచ్చారు. ఈగలు లేవు, వాసన లేదు, చుట్టాలు దగ్గరే కూర్చుని చాయ తాగారు. మా అవ్వ నాటికీ నేటికీ మారింది ఆ పెట్టె ఒక్కటే. కొడుకులు ఇంకా సెలవు అడుగుతూనే ఉన్నారు, పీనుగులకు మాత్రం ఆగడం సులువైంది.