డాక్టర్ ఖో గారి చలిగది మనుషులు

డాక్టర్ ఖో బతికున్నవాళ్లను పలకరించేవాడు కాదు. ఆయన పలకరింపులన్నీ పోయినవాళ్లకే. పొద్దున్నే తైవాన్‌లో తైనాన్ ఊరి ఆసుపత్రికి వచ్చి, ఎదురైన డీన్‌ను గోడను చూసినట్టు చూసి, తిన్నగా చలిగదిలోకి పోయి పెద్ద ఫ్రిజ్ తెరిచేవాడు. కాలేయం చెడి చనిపోయినవాళ్ల కాలేయపు ముక్కలు అందులో చిన్న చిన్న సీసాల్లో గడ్డకట్టి ఉండేవి. "ఏం థియామ్, చలి సరిపోయిందా?" అని అడిగి, కాసేపు చెవి ఒగ్గి, "సర్లే, రేపు కనుక్కుంటా" అని తలుపు మూసేవాడు.

బీగ్యోక్ ఆయన లాబ్‌లో సహాయకురాలిగా చేరిన రోజున ఆయన ఆమెను ఊరూ పేరూ అడగలేదు. సీసాలకు మాత్రం ఆమెను పరిచయం చేశాడు.

"ఈయన కోపిష్టి. కింద పడేశావో, కలలోకొచ్చి తిడతాడు. ఈవిడ మంచిదే, కాకపోతే వాగుడెక్కువ."

"చచ్చిపోయాక కూడానా సార్?"

"చచ్చిపోయాకే ఎక్కువైంది."

బీగ్యోక్ నవ్వబోయింది. ఫ్రిజ్ లోపల ఏదో టక్కుమంది. మంచు విరిగి ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకుంది గానీ, ఆ రోజంతా ఫ్రిజ్‌కు వీపు పెట్టి కూర్చోలేకపోయింది.

ఏ ముక్కనైనా కోసి చూడాలంటే దాని యజమాని ఒప్పుకోవాల్సిందే. గుళ్లో దేవుణ్ణి అడిగే చెక్కబిళ్లలు రెండు, ఒకవైపు ఉబ్బుగా ఒకవైపు చదునుగా ఉండేవి, ఆయన సొరుగులో ఉండేవి. వాటిని నేలమీద వేసేవాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నట్టు, మళ్లీ అడగాలి. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు.

"ఖో గారూ, ఆ పరిశోధన వ్యాసం ఎప్పుడిస్తారండీ? అవతల జపాన్‌వాళ్లు రాసేసేలా ఉన్నారు!" అని డీన్ మొత్తుకునేవాడు.

"నన్నేం చెయ్యమంటారు? థియామ్ వారం నుంచి నవ్వుతూనే ఉన్నాడు."

"చచ్చినవాడు నవ్వడమేమిటయ్యా!"

"నేనూ అదే అడిగాను. ఇంకా నవ్వాడు."

డీన్ మెల్లగా వెనక్కి నడిచి వెళ్లిపోయేవాడు.

అక్కడి పంచాంగంలో ఏడో నెల వస్తే ఇక చెప్పక్కర్లేదు. అవతలి లోకం తలుపులు తీసే నెల అది. దిక్కులేని ఆత్మల కోసం అందరూ గుమ్మాల ముందు బల్లలేసి అన్నం, బాతు మాంసం, బీరు పెడతారు. ఖో ఫ్రిజ్ ముందే బల్ల వేసేవాడు. బీరు మాత్రం ససేమిరా పెట్టనిచ్చేవాడు కాదు. "కాలేయం పాడై పోయినవాళ్లకి బీరేమిటమ్మాయ్, బుద్ధుందా? టీ పొయ్యి" అనేవాడు. సాయంత్రం బీగ్యోక్ బల్ల సర్దడానికి వెళితే టీ కప్పుల అంచున పలచగా మంచు పేరుకుని ఉండేది.

అలాంటి ఏడో నెలలోనే ఒక రోజు, ఉప్పుమళ్ల పల్లెలో ఛువా అవ్వ కూతురు సియోక్‌కు ఆ పొద్దున్నే కొడుకు పుట్టాడని కబురొచ్చింది. అవ్వ కొడుకులిద్దరూ ముప్పై దాటారో లేదో పొట్టలుబ్బి ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్లలో పెద్దవాడే ఈ థియామ్. ఆ తర్వాతే అవ్వ సియోక్‌కు ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకుంది. ఆ జబ్బు సియోక్ రక్తంలోనూ ఉంది. ఒక్క రోజులోగా సూదిమందు పడకపోతే పసివాడికీ అంటుకుంటుంది. పెద్దయ్యాక వాడిదీ మేనమామల దారే అవుతుంది.

మందు ఐసుపెట్టెలో పెట్టుకుని ఖో, బీగ్యోక్ ఇద్దరూ జీపులో బయల్దేరారు. మిట్టమధ్యాహ్నమే మబ్బుపట్టి చీకటైంది. పల్లె వీధిలో బల్లల నిండా భోజనాలున్నాయి, మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఆత్మల కోసం కాల్చిన కాగితాల బూడిద మోకాళ్ల ఎత్తున తిరుగుతోంది. ఒక్క కుక్కా మొరగలేదు.

అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఈ నెలలో పసివాడి ఒంటికి చిల్లు పొడుస్తారా? వీధిలో తిరిగేవాళ్లంతా ఆ చిల్లులోంచే దూరతారు. ఇద్దరు కొడుకుల్ని మీ ఆసుపత్రికే ఇచ్చాను. చాల్లేదా?"

బీగ్యోక్‌కు ఒళ్లు మండింది. "దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవవ్వా! ఇది జబ్బు. తల్లి రక్తంలోంచి బిడ్డకి..."

ఖో ఆమె కాలు తొక్కాడు. బూటుకాలితో, కసిగా.

"అవ్వా, నన్నొద్దులే, థియామ్‌నే అడుగుదాం" అన్నాడు.

కాలు నొక్కుకుంటూ ఉండగా బీగ్యోక్‌కు తెలిసింది. తల్లి నుంచి బిడ్డకని చెబితే, ఈ ముసలిది తన కొడుకులకూ తానే అంటించానని కుమిలిపోదూ? ఈ మనిషి ఇన్నాళ్లూ పోయినవాళ్లను అడ్డం పెట్టుకుని ఉన్నవాళ్లను కాపాడుతున్నాడు. ఆమెకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది, తన కాలు తొక్కినా సరే.

ఖో సంచిలోంచి బిళ్లలు తీసి వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. "చూశావా? మేనల్లుడికి సూది వెయ్యమంటున్నాడు."

అవ్వ మెత్తబడింది. అంతలోనే చటుక్కున బిళ్లలు లాక్కుంది. "ఇంకొకటి అడగాలి."

"ఇలా ఇవ్వవ్వా, నేనడుగుతాను."

"నా కొడుకుని అడగడానికి మధ్యలో నువ్వెవడివయ్యా?" అని ఆమె బిళ్లలు నుదుటికి ఆనించుకుంది. "థియామ్, మీ అమ్మనురా. దాచకుండా చెప్పు. ఆ జబ్బు నీకు నావల్ల వచ్చిందా?"

ఖో మొహంలో నెత్తురు చుక్క లేదు. బీగ్యోక్ ఆయన్ను అలా ఎన్నడూ చూడలేదు.

బిళ్లలు రెండూ బోర్లా పడ్డాయి. కాదు. మూడుసార్లు అడిగే ఆనవాయితీ ప్రకారం అవ్వ మళ్లీ వేసింది. కాదు. మూడోసారీ కాదు. లోపల గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడు ఎవరో ఎత్తుకున్నట్టు టక్కున ఊరుకున్నాడు.

అవ్వ భుజమ్మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. "వాడెప్పుడూ అబద్ధమాడి ఎరగడు. పదండి, ఆ సూదేదో కానివ్వండి. ముందు చేతులు కడుక్కో డాక్టరూ, ఆసుపత్రంతా నీ చేతులమీదే ఉంటుంది."

పసివాడికి సూది పడింది. ఊరంతా వినిపించేలా ఏడ్చాడు.

తిరుగుదారిలో బీగ్యోక్ అంది, "అదృష్టం సార్, కాదని పడింది."

"పడకూడదమ్మాయ్."

"అదేంటి?"

"ఇళ్లకు తెచ్చే జత వేరు. లోపల సీసం పోయించాను. ఎవరు వేసినా, ఎన్నిసార్లు వేసినా, 'సరే' తప్ప ఇంకోటి పడదు."

ఆమె నమ్మలేదు. జీపు ఆపించి, రోడ్డుపక్కన బిళ్లలు వేసింది. సరే. మళ్లీ సరే. చేతులు నొప్పెట్టేదాకా వేసినా సరే, సరే, సరే. బిళ్లలను రెండు వేళ్లతో పట్టి సంచిలో పడేసింది.

ఆసుపత్రి దీపాలు కనిపించాక ఆమె అడిగింది, "రేపు లాబ్‌లో ఏం చెయ్యాలి సార్?"

డాక్టర్ ఖో జీపు వేగం తగ్గించాడు.

"ఏం లేదమ్మాయ్. ఇకమీదట ఫ్రిజ్ తలుపు కొట్టి తెరుద్దాం."