కంకర బ్యాండు ఎర్త్ పిన్ను

తెలంగాణ వచ్చిన ఐదో ఏడు, చలికాలం పోతుండగా నన్ను అసిస్టెంట్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌గా రంగారెడ్డి జిల్లాకు వేశారు. మా శాఖ ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. కరెంటు పోతే మాకు ఫోన్ చేసి తిట్టేవాళ్ళు, బిల్లు ఎక్కువొచ్చిందని మా ఆఫీసు మెట్లెక్కేవాళ్ళు. ఆ రెండూ మా పనులు కావు. ఫ్యాక్టరీకో, సినిమా హాలుకో, పెద్ద సభకో కరెంటు ఇచ్చే ముందు అక్కడి వైరింగు క్షేమంగా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం మా మొదటి పని. కరెంటు తగిలి ఎవరైనా చనిపోతే ఎందుకు చనిపోయారో తేల్చి నివేదిక రాయడం రెండోది. నా సర్వీసు మొత్తంలో ఈ రెండు పనులూ ఒకే చోట, ఒకే వారంలో చేయాల్సి వచ్చింది ఒక్కసారే.

అది ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ మైదానం. వార్షికోత్సవానికి వేదిక కట్టి, జనరేటరు పెట్టారు. సోమవారం నాడు పోయి బోర్డు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చాను. బుధవారం సాయంత్రం అదే వేదిక మీద ‘కంకర’ అనే రాక్ బ్యాండు రెండో పాట ఎత్తుకుంది. గిటారు వాయిస్తూ పాడుతున్న నరేశ్ పెదవులు మైకుకు తగిలాయి. అంతే, నిలువునా పడిపోయాడు. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు. అతనికి ముప్ఫై మూడేళ్ళు. వేదికకు కరెంటు, సౌండు ఇచ్చిన రావిర్యాల యాదయ్యను పోలీసులు ఆ సాయంత్రమే స్టేషన్లో కూర్చోబెట్టారు. నిర్లక్ష్యంతో మనిషిని చంపాడని కేసు.

గురువారం పొద్దున మాకు సమాచారం వచ్చింది. నేను సంతకం పెట్టిన చోటు కాబట్టి విచారణకు ఇంకెవరినైనా పంపమని డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌గారిని అడిగాను. మనిషి లేడు, నువ్వే పో, ఉన్నది ఉన్నట్టు రాయి అన్నారాయన. ఉన్నది ఉన్నట్టు రాస్తే అందులో నా పేరు ఎక్కడ వస్తుందో అప్పటికి నాకు తెలియదు.

మైదానంలో చెప్పులు, నీళ్ళ సీసాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందు జనరేటరు చూశాను. ఎర్తింగు కొలిచాను, బాగుంది. ఎర్తింగు అంటే దారి తప్పిన కరెంటును మనిషి ఒంట్లోకి పోనీకుండా భూమిలోకి పంపే తీగ. తర్వాత బోర్డు మూత విప్పాను. సోమవారం నేను స్వయంగా బటన్ నొక్కి, ట్రిప్ అయి పడిపోతోందని చూసుకున్న లీకేజీ బ్రేకరును పక్కన పెట్టేశారు. దాని ఇవతలి నుంచి అవతలికి ఎర్ర తీగ ఒకటి వేశారు. కరెంటు ఏ కాస్త దారి తప్పినా కంటిరెప్ప పడేలోగా సరఫరా ఆపేసేది ఆ బ్రేకరే. దాన్ని దాటవేయడాన్ని మా వాడుకలో ‘డైరెక్ట్’ కొట్టడం అంటారు.

యాదయ్య పని అయిపోయిందనుకున్నాను. కోపం కూడా వచ్చింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు. సోమవారం నేను చెప్పినదానికల్లా తలూపాడు.

కానీ బ్రేకరు లేకపోవడం ఒక్కటే మనిషిని చంపదు. కరెంటు ఎక్కడో దారి తప్పాలి. నరేశ్ గిటారు కలిపిన యాంప్లిఫైయర్ తెరిచాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత పెట్టె. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ మాడిపోయి, కరెంటు వచ్చే ఫేజు తీగ ఇనుప పెట్టెకు తగులుతోంది. పెట్టె నుంచి గిటారు తీగల దాకా లోహమే కాబట్టి తీగలు మీటే వేళ్ళకు పూర్తి కరెంటు వచ్చింది. మైకుకేమో సరైన ఎర్తు ఉంది. వేళ్ళు అక్కడ, పెదవులు ఇక్కడ. మధ్యలో ఉన్నది నరేశ్ ఒళ్ళు.

అయినా ఇలా జరగకూడదు. పెట్టెకు ఎర్తు ఉంటే, ఫేజు తగిలిన క్షణమే ఇళ్ళల్లో ఉండే మామూలు ఎంసీబీ స్విచ్చు కూడా పడిపోయేది. పాట ఆగేది, పిల్లలు ఈలలు వేసేవాళ్ళు, అంతటితో సరిపోయేది. ఎర్తు ఎందుకు లేదా అని ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్ను లేదు. మొదలంటా కోసేశారు.

విరిగిందైతే అంచు గరుకుగా ఉంటుంది. ఇది రంపంతో కోసి, తర్వాత ఆకురాయితో అరగదీసింది. వేలితో రాస్తే నున్నగా ఉంది. ఇత్తడి నల్లబడి చాలా ఏళ్ళయింది. తొందరలో పని చేసుకునే సౌండ్ సిస్టం వాళ్ళెవరూ అంత ఓపికగా అరగదీయరు. బేస్ గిటారు పెట్టె ప్లగ్గు కూడా చూశాను. అదీ అంతే, అదే చేతి పనితనం.

పోలీసుల దగ్గర బ్యాండువాళ్ళు ఇచ్చిన వాంగ్మూలంలో ఈ మాట లేదు. ఆపరేటర్ కరెంటు సరిగా ఇవ్వలేదని మాత్రమే ఉంది. దాంతో శుక్రవారం పదకొండింటికి రమ్మని బేస్ గిటారు వాయించే మహేందర్‌కు నోటీసు పంపాను. అతను ఆదిభట్లలో విమాన భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టర్. అంతకుముందు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాడు. ఆ సంగతి కాగితంలో చూడగానే నా అనుమానం సగం తీరింది.

వచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేని ముఖం. పిన్ను ఎప్పుడు కోశారని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. తిన్నగా జవాబు చెప్పలేక, బ్యాండు పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. నేనూ ఆపలేదు. వాంగ్మూలంలో అవసరమైనదే రాయాలని నిబంధన. రాసింది కొద్దే, విన్నది మాత్రం చాలా.

నరేశ్ ఆదిభట్లకు కంపెనీ బస్సు నడిపేవాడు. పొద్దున ఉద్యోగులను దింపితే మళ్ళీ సాయంత్రం దాకా పని లేదు. ఆ ఖాళీలో ఫోన్లో చూసి గిటారు నేర్చుకున్నాడు. మహేందర్‌కు రెండో షిఫ్టు ఉన్న వారాల్లో ఇద్దరూ కలిసేవారు. పెళ్ళి బ్యాండులో డ్రమ్ము కొట్టే శేఖర్ మూడోవాడు. నరేశ్ మేనమామకు రావిర్యాల దారిలో మూతబడిన కంకర క్రషర్ ఉండేది. దాని షెడ్డులోనే సాధన. బ్యాండు పేరు అలా వచ్చింది. వీళ్ళ పాటలు ప్రేమ గురించి కావు. క్రషర్ దుమ్ము పీల్చి దగ్గే మనుషులు, రాత్రికి రాత్రే హద్దురాళ్ళు మారిన భూములు, మూడోసారి వేసినా నీళ్ళు పడని బోర్లు. పాడేది ఇబ్రహీంపట్నం భాషలో, వాయించేది చెవులు చిల్లులు పడేంత గట్టిగా.

మొదటిసారి ఒక వినాయక మండపం దగ్గర వాయించారు. రెండు పాటలకే దిగిపొమ్మన్నారు, డీజే పెట్టమన్నారు. నాదర్‌గుల్‌లో ఒక ఫంక్షన్ హాలువాడు సగంలో కరెంటే ఆపేశాడు. మూడేళ్ళు ఎవరూ పిలవలేదు. తర్వాత ఎవరో షెడ్డులో తీసిన వీడియో ఒకటి కాలేజీ పిల్లల ఫోన్లలో పాకింది. వరంగల్ పిలిచింది, కరీంనగర్ పిలిచింది, హైదరాబాదులో టికెట్టు పెట్టి విన్నారు. సొంత ఊరు మాత్రం పిలవలేదు. ఏడేళ్ళకు, ఆ బుధవారం, మొదటిసారి పిలిచింది.

పిన్ను సంగతి షెడ్డు నాటిది. యాంప్లిఫైయర్‌కు ఒక బోర్డు నుంచి, సౌండు కలిపే మిక్సరుకు ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకున్నారు. రెండు ఎర్తులకూ తేడా ఉంటే స్పీకర్లలో గుయ్‌మని ఒకటే రొద. వారం రోజులు ఆ రొద పోలేదు. పిన్ను తీసేస్తే పోయింది. రోగం పోయిందనుకున్నారు గానీ, పోయింది మందు. అప్పటి నుంచి ఏ పెట్టె కొన్నా ముందు పిన్ను కోయడం వాళ్ళకు ఆనవాయితీ అయింది.

“నువ్వు ఐటీఐ చదివినవాడివి. ఎర్తు ఎందుకుంటదో తెలియదా?” అన్నాను.

“తెలుసు మేడం. తెలిసే కోసిన. ఏడేండ్లు ఏం కాలె.”

ఆ మాట రాసుకుంటుండగా తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నరేశ్ భార్య సునీత. ప్రైవేటు దవాఖానలో నర్సు. బుధవారం ముందు వరుసలో కూర్చుని ఉంది. భర్త పడగానే వేదికెక్కి గుండె మీద నొక్కుతూ శ్వాస ఇచ్చింది కూడా ఆమేనని తర్వాత తెలిసింది. ఒకరి వాంగ్మూలం జరుగుతుండగా ఇంకొకరిని లోపలికి రానివ్వకూడదు. బయట కూర్చోమన్నాను. ఆమె కదల్లేదు.

“గా యాదయ్యకు బెయిల్ రాకుండ రాయుండ్రి మేడం. నా పిల్లలకు బాపు లేడు. వాడు ఇంటికి పోయి ఎట్ల బువ్వ తింటడు?”

విచారణ అధికారి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. మహేందర్ తల వంచుకున్నాడు. అతను ఇంకేదో దాచుకున్నాడని, దాన్ని చెప్పడమా లేచిపోవడమా అన్న రెండు దారులు అతని ముందున్నాయని ఆ గదిలో నాకూ అతనికీ తెలుసు. ఇంకో మాట చెప్పకుండా లేచిపోతే బ్రేకరు తప్పు యాదయ్యదే అవుతుంది. పిన్ను ఎవరు కోశారన్నది పాత కథగా మిగిలిపోతుంది. ఫ్యాక్టరీలో ఉద్యోగం నిలుస్తుంది. నేను అతన్ని తొందరపెట్టలేదు. తొందరపెట్టి ఉంటే చెప్పేవాడు కాడేమో.

కాసేపటికి అతనే ఆమె వైపు తిరిగాడు.

“యాదయ్య వద్దన్నడు వదినె. నాలుగింటికి సౌండ్ చూసుకునేటప్పుడు బ్రేకర్ రెండుసార్లు పడ్డది. అన్న నోటికి జర కరెంటు గుంజిందన్నడు. నేనే డైరెక్ట్ కొట్టుమన్న. ఆఫీసరమ్మ చూసి పోయింది, నేను ముట్టనన్నడు యాదయ్య. నేను ఎలక్ట్రీషియన్‌ని, నాకు తెల్వదా అని ఆయన మీదికి పోయిన. తీగ చుట్టింది ఆయననే, చుట్టిపిచ్చింది నేను.”

సునీత అడిగింది ఒక్కటే.

“పిన్ను కోసింది మా ఆయనకు తెలుసా?”

“తెలుసు. ప్లగ్గు ఆయన పట్టుకుండు, నేను కోసిన.”

ఆమె కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. నోటికి గుంజిందని తనకు చెప్పి ఉంటే వేదిక ఎక్కనిచ్చేదాన్ని కాదని, నాతోనో తనతోనో అన్నది. కొంచెం సేపటికి లేచి, “గట్లనే రాయుండ్రి. ఎవ్వల పేరు ఇడ్సకుండ్రి, మా ఆయనది గుడ” అని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక చావు గురించి నన్ను ఉన్నదున్నట్టు రాయమన్న భార్య ఆమె ఒక్కతే. నాకు ఆమె మీద కలిగింది జాలి కాదు, గౌరవం.

స్టేషన్‌కు పోయి యాదయ్యను అడిగాను. మహేందర్ మాటనే చెప్పాడు. మొదటి రోజే ఎందుకు చెప్పలేదంటే, చెప్పిన, ఎవరూ రాసుకోలేదన్నాడు. అతను తప్పించుకోవాలని చూడలేదు. “చుట్టింది నా చేతులే గద మేడం” అన్నాడు.

నివేదికలో అంతా రాశాను. ఎర్త్ పిన్ను తొలగించింది మహేందర్, నరేశ్. బ్రేకరు దాటవేసింది యాదయ్య, మహేందర్ ఒత్తిడి మీద. పరికరం పాతది, ఎవరూ పరీక్ష చేయించలేదు. ప్రమాదానికి రెండు రోజుల ముందు ఆ వేదికను తనిఖీ చేసిన అధికారిని నేనేననీ, మా తనిఖీ సాకెట్టు దగ్గర ఆగిపోతుందనీ, అందులో పెట్టే ప్లగ్గులు నేను చూడలేదనీ కూడా రాశాను. దానికి పైనుంచి మెమో వచ్చింది. ప్లగ్గులు చూడాలని నిబంధనల్లో లేదు కాబట్టి నా వివరణను అంగీకరించారు. నన్ను నేను అంత తేలిగ్గా అంగీకరించలేకపోయాను.

పోలీసులు మహేందర్‌ను మొదటి ముద్దాయిగా చేర్చారు. ఉద్యోగం పోయింది. యాదయ్యకు బెయిల్ వచ్చింది. కేసు పోలేదు గానీ, ఒక్కడే మోసే గతి తప్పింది. కంకర బ్యాండు మళ్ళీ వేదిక ఎక్కలేదు. శేఖర్ పెళ్ళి బ్యాండుకు తిరిగి పోయాడని విన్నాను.

మిగిలిన సర్వీసులో నేను ప్లగ్గులు కూడా చూశాను. కోసిన పిన్నులు నేను అనుకున్నదానికంటే ఎక్కువే దొరికాయి, కొత్తవి పెట్టించాను. అది సులువైన పని. అసలు నేర్చుకున్నది వేరు. ఆ సాయంత్రం బ్రేకరు చెడిపోలేదు. చేయాల్సిన పని రెండుసార్లు సరిగ్గా చేసింది. ఏడేళ్ళు ఎదురుచూసిన ముగ్గురు మనుషులకు మాత్రం అది అడ్డుపడ్డ యంత్రంలాగే కనిపించింది. అందుకని ఆ తర్వాత ఏ వేదికకు పోయినా, పరీక్షలన్నీ అయ్యాక ఆపరేటర్‌ను ఎదురుగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగేదాన్ని. జనం నిండుగా ఉన్నప్పుడు ఇది పడిపోతే ఏం చేస్తావు? కొందరు ఆపేస్తం అన్నారు. చాలామంది దాపరికం లేకుండా డైరెక్ట్ కొడతం మేడం అన్నారు. వాళ్ళకు సంతకం పెట్టకుండా తిరిగి వచ్చాను. వాళ్ళ బోర్డుల్లో మీటరు చూపించినవన్నీ సరిగ్గానే ఉన్నాయి.